పలకరింపులు గడప బయటే

మంచాన పడ్డవాణ్ణి చూసి రాకపోతే మన జనం పదేళ్ళయినా మరచిపోరు. పెళ్ళికి రాకపోయినా సర్దుకుంటారు గానీ, పలకరింపుకు రాలేదంటే ఆ మాట మనవళ్ళ దాకా పాకుతుంది.

బస్సు డ్రైవరు భార్యా ఆ తానులో ముక్కే. కుట్టుమిషను తొక్కుతూ, ఎప్పుడో తన పురుటికి ఎవరు రాలేదో ఏకరువు పెట్టే మనిషి. అలాంటావిడ ఇప్పుడు ఆసుపత్రి మూడో అంతస్తులో, మొగుడి గది తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

డ్రైవరుకు రక్త క్యాన్సరు. చెల్లెలి ఎముకల్లోని మూలుగ అతనికి సరిపోయింది. దాన్ని ఎక్కించే ముందు గట్టి మందులిచ్చి, అతని పాత మూలుగనూ ఒంట్లోని రక్షణ బలగాన్నీ పడగొట్టారు.

"అదేంటమ్మా, కాపలావాళ్ళనే చంపేస్తారా?" అని ఆవిడ అడిగితే డాక్టరమ్మ నవ్వింది.

"వాళ్ళుంటే చెల్లెలి కణాలను పరాయివనుకుని తరిమేస్తారు. ఇప్పుడవి ఎముకల్లో కాపురం పెట్టాలి, పిల్లల్ని కనాలి, ఆ పిల్లలు కాపలాకు లేవాలి. రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా మీ ఆయన తలుపుల్లేని ఇల్లు. మనకు జలుబు, ఆయనకు ప్రాణగండం."

అంతా విని కూడా, మూలుగ ఎక్కించిన ఐదో రోజున డ్రైవరు మేనత్త ఏడుస్తూ వస్తే కాదనలేకపోయింది. నర్సు అటు తిరగగానే తన మాస్కే ఇచ్చి లోపలికి పంపింది. మేనత్త ఆ మాస్కు కిందికి లాగి, మేనల్లుడి నుదురు ముద్దాడి వచ్చింది. ఎనిమిదో రోజుకు డ్రైవరుకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. "ఎవరివల్లో చెప్పలేం" అంది డాక్టరమ్మ. మూడు రోజులు దిగలేదది. ఆ మూడు రోజులూ భార్య తప్పంతా తనదేనని తిట్టుకుంది; జ్వరం దిగాక తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుంది.

పన్నెండో రోజున బావగారొచ్చారు. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచిన మనిషి. ఇంట్లో ఆయన మాటకు ఎదురులేదు. చేతిలో పళ్ళ సంచి, ముక్కు ఎర్రగా ఉంది.

"జరుగమ్మా, వాణ్ణి చూసొస్తా."

"జలుబా బావగారూ?"

"ఆఁ, దుమ్ము" అంటూనే తుమ్మారు.

"అద్దంలోంచి చూడండి. ఫోన్లో మాట్లాడండి. లోపలికి మాత్రం కుదరదు."

"నా చేత్తో అన్నం తిన్నాడే వాడు! వాణ్ణి చూడ్డానికి నీ పర్మిషనా? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనివ్వండి. ఆ నలుగురికీ ఆయన్ని మోసే పని పడకూడదనే ఇక్కడ కూర్చున్నా."

"కొమ్ములొచ్చాయి నీకు!"

"వచ్చాయి. దాటాలనుకుంటే పొడుస్తాయి కూడా."

వరండాలో జనమంతా చూస్తున్నారు. ఆవిడ కుర్చీ మాత్రం కదల్లేదు. పళ్ళ సంచి నేల మీద పడేసి, "ఇక నీ గడప తొక్కను" అంటూ ఆయన మెట్లు దిగిపోయారు.

పద్దెనిమిదో రోజు పొద్దున్నే డాక్టరమ్మ కాగితం పట్టుకొచ్చింది. తెల్ల కణాలు వరుసగా మూడో రోజూ పెరిగాయి. "చెల్లెలి కణాలు నిలదొక్కుకున్నాయి. జాగ్రత్తలు ఇంకా చాలా ఉన్నాయి, కానీ కాపలా మొదలైంది."

ఆవిడ మొదటి ఫోను బావగారికే చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"వెళ్ళి పెద్దన్నయ్య కాళ్ళు పట్టుకో వదినా" అంది, మూలుగిచ్చిన ఆడపడుచు.

"పట్టుకుంటా. తప్పయిందని మాత్రం అనను. రోగి మీద నిజంగా ప్రేముంటే ఎంతటివాళ్ళయినా గడప బయటే ఆగాలి. అలిగినవాళ్ళను ఏడాదైనా బతిమాలుకోవచ్చు, పోయినవాళ్ళను బతిమాలుకోలేం."