పద్నాలుగు మెట్లు

పసిపిల్లల బడిలో ఇరవై రెండు జతల చెప్పుల్లో ఇరవై ఒకటి అరలో సర్దేసరికి ఆయా దెసంకకు ఎడమచెయ్యి మొద్దుబారింది. మిగిలింది నెవెన జత. గదిలో తొడుక్కునే ఊలు చెప్పులు; ఏడాదైనా అడుగు అరగలేదు.

జోర్కా బామ్మ మనవరాలు నెవెనను చంకనేసుకుని వచ్చింది. ఐదేళ్లు నిండబోతున్న పిల్ల కాళ్లు బామ్మ మోకాళ్లదాకా వేలాడుతున్నాయి.

"కిటికీ మూయవే దెసంకా! గాలి కొడితే పిల్లకి చెవిపోటొస్తుంది."

"మూస్తాలే. ముందు దాన్ని కిందకి దింపు. పెళ్లిక్కూడా ఎత్తుకునే తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తా. నొప్పి నా నడుముకి కదా, నీకేం?"

సెప్టెంబరు నుంచి ఈ ఈడు పిల్లల గది పైఅంతస్తుకు మారుతుంది. మెట్లు సొంతంగా దిగలేకపోతే నెవెన చిన్నపిల్లలతోనే ఉండిపోవాలి. సాయంత్రం చూస్తానని టీచరు మిలేన చెప్పింది.

దెసంక నేల తుడిచింది, చిక్కుడుగింజల సూపు వడ్డించింది, మళ్లీ తుడిచింది. ముప్పై ఏళ్లుగా అదే గుడ్డ, అదే మూల. ఆటగదిలో పిల్లలు బల్ల మీంచి దూకుతున్నారు. ఇంట్లో తిట్లు తినే వూక్, దూకేముందు పెద్దల ముఖం చూస్తాడు. ఐదుగురు అక్కల వెనక పెరిగిన రాద ఎవరినీ చూడదు. నెవెన గోడకు ఆనుకుని నిలబడుతుంది.

జోర్కాను తప్పుపట్టడానికి దెసంకకు నోరు రాలేదు. నూలుమిల్లుకు వెళ్లే రోజుల్లో, పొయ్యి దగ్గరికి పోతాడన్న భయంతో కొడుకు బ్రాంకోను తలగుడ్డతో మంచంకోడుకు కట్టేసేది. రెండేళ్లు దాటాకగానీ వాడు నడవలేదు. నలభై దాటిన బ్రాంకో ఇప్పటికీ గోడ పట్టుకునే మెట్లెక్కుతాడు. ఎందుకమ్మా అలా కట్టేశావని ఒక్కనాడూ అడగలేదు. అది వాడి దయ.

సాయంత్రం దెసంక నెవెనను చెయ్యి పట్టుకుని ఆగాగి పైకి తీసుకెళ్లి, పైమెట్టు మీద కూలబడింది. షికారుకు వెళ్లేటప్పుడు పిల్లలంతా పట్టుకునే ముడుల తాడు తీసి, ఒక కొస పిల్లకిచ్చింది.

"నా మోకాళ్లు ఇక దిగలేవమ్మా. ఇది కింద బామ్మకియ్యి."

"ఆ కొస నువ్వు పట్టుకుంటావా పిన్నీ?"

"నా దగ్గరే ఉంటుంది."

పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన జోర్కా, కింద మిలేన పక్కన నిలబడి చేతులు చాచింది. "పడుతుందే!"

"పడితే లేస్తుంది. చేతులు జేబుల్లో పెట్టుకో, జోర్కా."

ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆన్చుతూ నెవెన దిగింది. పదకొండో మెట్టు దగ్గర తూలింది. జోర్కా చేతులు బయటికొచ్చాయి, ఆగాయి, మళ్లీ జేబుల్లోకి పోయాయి. ఆఖరి మెట్టు మీంచి పిల్ల దూకింది.

"ఇదిగో బామ్మా, తాడు!"

"పైగదికే," అంది మిలేన నవ్వుతూ. జోర్కా కళ్లు తుడుచుకుని, తాడు కొసను కిందిమెట్టు మీద పెట్టి, మనవరాలికి ఒక్క వేలు మాత్రం అందించింది. ఇద్దరూ నడిచి వెళ్లారు.

"లేవండి పిన్నీ, తలుపులు వేద్దాం," అంటూ మిలేన పైకి చూసింది. దెసంక తల గోడకు ఆని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప పడలేదు. అరచెయ్యి తెరుచుకుని ఉంది.

పద్నాలుగు మెట్ల మీదుగా తాడు వదులుగా పడి ఉంది. కింది ముడి మీద చిన్నచేతి చెమట ఇంకా ఆరలేదు.