రాజకుమారి వేలు పెట్టని ఆదివారం

కోడల్ని చూసుకోవడంలో రాజకుమారిని మించిన అత్త లేదని బందరులో వాళ్ళ వీధి మొత్తానికీ తెలుసు. తెలియనివాళ్ళుంటే ఆవిడే చెప్పేది. ఝాన్సీకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలి, కాళ్ళు మాట వినడం మానేసినప్పటి నుంచి కుర్చీలోంచి లేపాలన్నా, మంచం మీంచి లేపాలన్నా ఆవిడే. ఘంటసాల ఊళ్ళో చేలల్లో నాట్లు వేసి గట్టిపడ్డ చేతులవి. "నేనుండగా నా కోడలు కింద పడదు" అనేది గొప్పగా.

అందుకే ఫిజియోథెరపిస్టు రుబీనా వచ్చి ఝాన్సీ చేత బరువులెత్తిస్తానన్నప్పుడు ఆవిడకి ఒళ్ళు మండింది.

"నరాల జబ్బు మనిషమ్మా! నాలుగడుగులేస్తేనే అలిసిపోతుంటే బరువులేంటి?"

"జబ్బు పోతుందనటం లేదాంటీ. మెదడు నుంచి కాళ్ళకి కబురు సరిగ్గా అందట్లేదు, అది నిజమే. కానీ వాడక కండ కరిగిపోతోంది చూడండి, దాన్ని మనం ఆపొచ్చు. రోజూ ఆవిడ్ని లేపి లేపి మీకు బలమొచ్చింది. ఆవిడకెప్పుడొస్తుంది?"

ఆ మాట బాగా గుచ్చుకుంది. ఆ వారమంతా రుబీనాకి టీ ఇవ్వలేదు.

ఝాన్సీ కోరిక మాత్రం ఒక్కటే. చర్చిలో సంస్కారపు ఆదివారం ఆడవాళ్ళందరూ ముందుకెళ్ళి ప్రభువు బల్ల దగ్గర మోకరిస్తారు. తను వెనక కుర్చీలో కూర్చుని, పాస్టరు అయ్యగారు రొట్టె, ద్రాక్షారసం తెచ్చి ఇచ్చేదాకా ఎదురుచూడాలి.

"నేనే వెళ్ళాలి అత్తయ్యా. మోకరించాలి, మళ్ళీ నేనే లేవాలి" అంది.

ఎండెక్కితే కాళ్ళు మొరాయిస్తాయి కాబట్టి తెల్లవారగానే మొదలుపెట్టేవాళ్ళు. మెడ చుట్టూ తడి తువ్వాలు, పక్కన కూలరు. కాళ్ళకి రబ్బరు పట్టీ వేసి లాగడం, కుర్చీ పట్టుకోకుండా లేవడం, దిండు మీద మోకాలు ఆనించి పైకి రావడం. అది తేలికయ్యాక చేతుల్లో నీళ్ళ సీసాలు. మధ్యమధ్యలో బాగా విశ్రాంతి. కొన్నాళ్ళు బాగా సాగేది, కొన్నాళ్ళు అసలు సాగేదే కాదు. ఝాన్సీ తూలినప్పుడల్లా రాజకుమారి ఉరికేది. చివరికి రుబీనా ఆవిడ్ని వంటింట్లోకి పంపి తలుపేసింది. తలుపవతల నిలబడి ఆవిడ ప్రార్థన చేసుకునేది, రుబీనాని తిట్టుకునేది, రెండూ ఒక్క ఊపిరిలోనే.

కొన్ని నెలలకి వచ్చిన సంస్కారపు ఆదివారం ఝాన్సీ చేతికర్ర సాయంతో నడిచి వెళ్ళింది. కర్ర పక్కన పెట్టి, మెల్లగా అత్త పక్కనే మోకరించింది. రొట్టె తీసుకుంది, ద్రాక్షారసం తీసుకుంది. వాళ్ళ చర్చిలో వరుసంతా కలిసి లేవడం పద్ధతి. శామ్యూల్ రాజ్ అయ్యగారు "సమాధానముతో వెళ్ళండి" అనగానే అందరూ లేవడం మొదలుపెట్టారు.

ఝాన్సీ లేవబోయింది. తొడ వణికి మళ్ళీ మోకాళ్ళ మీదికి వచ్చేసింది.

అయ్యగారు గిన్నె బల్ల మీద పెట్టి వంగారు. వెనక నుంచి పొరుగింటి బుల్లెమ్మ చెయ్యి చాచింది. ఇంకా మోకాళ్ళ మీదే ఉన్న రాజకుమారికి చేతులు ఆగలేదు. రెండూ వెనక్కి లాక్కుని తన చంకల్లోనే బిగించుకుంది.

"అయ్యగారూ, ముట్టుకోకండి! బుల్లెమ్మా, చెయ్యి తియ్! అది లేస్తుంది!"

ఆ గొంతు చర్చి గుమ్మం దాకా వినిపించింది. పాట పాడుతున్నవాళ్ళు ఆగిపోయారు. మగవాళ్ళ వైపు రాజకుమారి కొడుకు బెంజమిన్ లేచి నిలబడ్డాడు.

ఝాన్సీ కుడి పాదం ముందుకు తెచ్చి నేలకి ఆనించింది. రెండు చేతులూ ఆ మోకాలి మీద పెట్టి, ఊపిరి వదులుతూ నొక్కింది. నడుము లేచింది. సగంలో ఆగి ఊగింది. రాజకుమారి చేతులు మాత్రం కదల్లేదు. ఝాన్సీ ఇంకాస్త లేచింది. తర్వాత నిటారుగా నిలబడింది.

రాజకుమారికి గర్వంతో ఒళ్ళు పులకరించింది. జీవితంలో తను మోసిన బరువులేవీ దీని ముందు లెక్కలోకి రావనిపించింది.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర బుల్లెమ్మ కళ్ళొత్తుకుంటూ, "అంతా నీ చలవేనే రాజకుమారీ, ఎంత చేశావు దానికి!" అంది.

"నా మొహం!" అంది రాజకుమారి, రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా వినపడేలా. "నేను వేలు కూడా పెట్టలేదు. చూశావుగా? వేలు కూడా పెట్టలేదు!"