తాళంచెవి తిప్పే పూట

నా కూతురు కరెంటు పని నేర్చుకుంటానన్న రోజున నేను మంచం పట్టాను. జ్వరమేమీ లేదు, ఉన్నదంతా ఊహే. తీగ పట్టుకుని పిల్ల నల్లగా మాడిపోయినట్టు, పక్కన నిలబడి నా తమ్ముడు తల గోక్కుంటున్నట్టు కళ్ళకు కట్టింది. పాత కార్లు బాగుచేసే షెడ్డు వాడిదే. మేనకోడల్ని పనిలో చేర్చుకున్నదీ వాడే.

"అక్కా, కారు బ్యాటరీ పన్నెండు వోల్టులే. దానికి మనిషి చావడు" అన్నాడు.

"చావకపోతే మాత్రం?" అన్నాను. 

నేను పెద్దగా చదువుకోలేదు. కానీ ఏ పనిలో ఏ ప్రమాదం పొంచి ఉందో చెప్పమని పరీక్ష పెడితే మొదటి ర్యాంకు నాదే. ఇంటికి తాళం వేశాక వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి లాగి చూస్తాను. ఊరెళ్ళేటప్పుడు గ్యాస్ స్టవ్ నాబ్‌లు పీకి, గుడ్డపీలికలో మూటకట్టి పంచదార డబ్బాలో దాస్తాను. తిరిగి రాగానే ఎవరైనా ముందు పెట్టుకునేది టీయే కదా, ఇక మరిచిపోయే మాటే లేదు. నా కూతురు ఈ సంగతి ఊరంతా చెప్పి నవ్వించింది. "మా ఇంట్లో పొయ్యి వెలిగించాలంటే ముందు నిధి తవ్వాలి" అంటుంది.

దాన్ని అందరూ పిడుగు అంటారు. చిన్నప్పుడు గోడలెక్కింది, పెద్దయ్యాక నిచ్చెనలెక్కింది. భయం లేని పిల్ల, అచ్చం మేనమామ పోలిక అని చూసినవాళ్ళంతా అనేవాళ్ళు. మోసింది నేను, కన్నది నేను, పోలిక మాత్రం వాడిదట! పైకి నవ్వి ఊరుకున్నా, లోపల ఎక్కడో ముల్లులా ఉండేది.

షెడ్డులో పిడుగుకి ఇంకా సొంత పని అంటూ లేదు. ఫోనెత్తడం, పొద్దున్నే అందరికీ టీ పెట్టడం, పెద్ద మెకానిక్కులు కారు కింద దూరితే దీపం పట్టుకోవడం. అలాంటి రోజుల్లో, నేను షెడ్డుకి వెళ్ళినప్పుడే, పళ్ళ డాక్టరమ్మ కారు వచ్చింది.

డాక్టరమ్మ పని మానుకుని చాలా కాలమైంది. జుట్టు మొత్తం తెలుపు, నడక మాత్రం చురుకు. ఆవిడ కారు ముదురాకుపచ్చ రంగుది. పైకప్పు లేదు, సీట్లు రెండే, ఎత్తు నా నడుము దాకా కూడా రాదు. దాన్ని చూసి, "మిగతా సగం ఎప్పుడొస్తుందిరా?" అని తమ్ముణ్ణి అడిగాను.

"అక్కా, మెల్లగా! ఇది పందేల్లో పరిగెత్తిన బండి."

"అయితే మరీ ప్రమాదం" అన్నాను.

డాక్టరమ్మ నవ్వి, చేతిసంచిలోంచి చిన్న ఇత్తడి తాళంచెవి తీసింది. వయసులో ఉన్నప్పుడు కొన్న కారట. ఎప్పుడో తాళం మొరాయిస్తే, ఒక మెకానిక్కు అసలు తీగలన్నీ పీకేసి, ఎర్రతీగ ఒక్కటి లాగి, మీటల కింద ఒక గుండీ బిగించాడట. అప్పట్నుంచీ గుండీ నొక్కితేనే బండి లేస్తుంది.

"నా బండికి కట్టుడుపళ్ళు పెట్టి పోయాడమ్మా" అంది డాక్టరమ్మ. "నాకు దాని సొంత పళ్ళు కావాలి. ఆదివారం పాత కార్ల ఊరేగింపు ఉంది. ఈ తాళంచెవి తిప్పే బయల్దేరాలి."

తమ్ముడు గడ్డం నిమురుకుని మేనకోడలి వైపు తిరిగాడు. "ఏం పిడుగూ, చేస్తావా? ఆదివారం తాళంచెవితో బండి లేచిందా, ఈ షెడ్డులో కరెంటు పనంతా నీది. అదిగో, కిటికీ పక్క బల్లా నీదే. లేవలేదా, మళ్ళీ ఫోను దగ్గరికి పో."

"లేస్తుంది మావయ్యా" అంది అది, రెప్ప వేయకుండా. నాకు మాత్రం మంటలే కనిపించాయి.

మర్నాటి నుంచి అన్నం క్యారేజీ వంకతో నేనూ రోజూ షెడ్డుకి వెళ్ళాను. గోడకి తగిలించిన మంటలార్పే ఎర్ర సిలిండరు దించుకుని, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. మెకానిక్కులు ముసిముసిగా నవ్వారు. నవ్వనీ, కాలినప్పుడు తెలుస్తుంది.

పిడుగు ఎర్రతీగను లాగి పారేసింది. ఒక బిగింపు కింద చిక్కుకుపోయి వేలెడంత అసలు తీగ మిగిలి ఉంది. దాని మీద రబ్బరు, రబ్బరు మీద నూలు అల్లిక. దాన్ని అరచేతిలో పెట్టుకుని, "చూడమ్మా, చొక్కా వేసుకున్న తీగ!" అని మురిసిపోయింది. అలాంటి తీగలే తెప్పించి రంగు ప్రకారం వేసుకుంటూ వచ్చింది. బ్యాటరీ నుంచి తాళం దాకా గోధుమరంగుది. తాళం నుంచి, నిప్పురవ్వ పుట్టించే కాయిల్ దాకా తెల్లది. అక్కడ్నుంచి నల్లచార ఉన్న తెల్లతీగ డిస్ట్రిబ్యూటర్ అనే గుండ్రటి డబ్బాకి.

"ఆ డబ్బాలో ఏముందే?"

"రోటర్. బొటనవేలంత ఉంటుంది. వరసగా కూర్చున్న నలుగురికి వడ్డించినట్టు, గిర్రున తిరుగుతూ నాలుగు ప్లగ్గులకీ నిప్పు వడ్డిస్తుంది. అది లేకపోతే కాయిల్ ఎంత వండినా ఎవరికీ ముద్ద అందదు."

నిప్పు వడ్డించడమేమిటో, సిలిండరు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. కానీ దాని వేళ్ళు తీగల మధ్య తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంది. తీగలన్నిటినీ కట్టగా చేర్చి నూలుపట్టీ చుట్టాల్సి వచ్చినప్పుడు దానికి చేత కాలేదు, పట్టీ వదులైపోయింది. "ఇలా తే" అని సిలిండరు పక్కన పెట్టాను. రవికల అంచులకు పట్టీలు కుట్టిన చెయ్యి నాది. ఒక చుట్టు మీద సగం ఎక్కేలా ఇంకో చుట్టు, బిగువుగా, చివర దాకా చుట్టేశాను.

"అక్కా, నిన్నూ పనిలో పెట్టుకోనా?" అన్నాడు తమ్ముడు.

"ఇంత ప్రమాదమైన చోటా!" అన్నాను.

శనివారం సాయంత్రానికి పని పూర్తయింది. ప్లగ్గు విప్పి చూస్తే నీలంగా నిప్పురవ్వ టప్పున మెరిసింది. తమ్ముడు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలంతా చూసి, మళ్ళీ బిగించాడు. "బ్రహ్మాండం. పొద్దున తాళంచెవి తిప్పడమే." మేమిద్దరం గేటు వైపు నడిచాం. "పదండి, వచ్చేస్తున్నా" అని పిడుగు కాసేపు వెనకే ఆగింది.

ఆదివారం పొద్దున ఇంట్లో ఎవరికీ ఏమీ గొంతు దిగలేదు. షెడ్డుకొస్తే అక్కడా అంతే. టీ ఊసే ఎవరూ ఎత్తలేదు. డాక్టరమ్మ తలకి పసుపుపచ్చ రుమాలు కట్టుకుని, తోలు తొడుగుల్లో చేతులు దూర్చుకుని పెళ్ళికూతురిలా దిగింది. సీట్లో కూర్చుని తాళంచెవి పెట్టి తిప్పింది. ఎర్రదీపం వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. డాక్టరమ్మ పక్కనున్న పిడి పట్టుకుని స్టార్టర్ లాగింది.

గిర్ర్... గిర్ర్... గిర్ర్... అంతే. ఇంజను మూలిగింది తప్ప అందుకోలేదు.

మళ్ళీ లాగింది. మళ్ళీ అదే. పిడుగు పరీక్ష బల్బు పెట్టి చూసింది. కాయిల్ దాకా కరెంటు వస్తోంది.

"మూత కింద?" అంది.

"నిన్న నేనే చూశాగా, అంతా సరిగ్గా ఉంది" అన్నాడు తమ్ముడు. వాడి ముఖంలో నవ్వు లేదు. పక్కన గదిలో ఫోను మోగింది. పిడుగు ఒకసారి అటు చూసింది.

"తప్పు నా తీగల్లోనే ఉంది. కట్ట విప్పి చూస్తా" అంటూ బ్లేడు అందుకుంది.

నేను చుట్టిన కట్ట! అది కోస్తుంటే చూడలేననుకున్నాను. "డాక్టరుగారికి కాస్త టీ పెట్టుకొస్తా" అని మూలనున్న స్టవ్ దగ్గరికి తప్పుకున్నాను. నీళ్ళు పెట్టి, పంచదార డబ్బా మూత తీసి, చెంచా గుచ్చాను. మెత్తగా ఏదో తగిలింది. తవ్వి తీస్తే గుడ్డపీలిక మూట. రెండు మెలికలు తిప్పి చివర లోపలికి దోపిన ముడి. ఆ ముడి నాదే! కానీ నేను కట్టలేదు. విప్పితే ఇత్తడి రేకు అతికించిన గోధుమరంగు ముక్క, సరిగ్గా బొటనవేలంత.

"ఒసేయ్, ఆగవే!" చెంచాతో సహా పరుగెత్తాను. "వడ్డించేవాడు ఇక్కడుంటే అక్కడ పంక్తికి ఎవరొడ్డిస్తారే?"

పిడుగు నా చేతిలోది చూసింది. బ్లేడు కింద పడింది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"నిన్న... షెడ్డు తలుపు గడియ వదులుగా ఉందని... ఎవరైనా బండి తోలుకుపోతారేమోనని భయమేసి పీకాను మావయ్యా. పొద్దున్నే టీ పెట్టేటప్పుడు ఎలాగూ కనిపిస్తుంది కదా అని... కంగారులో మొత్తం మరిచేపోయా."

"నీకు భయమా?" తమ్ముడు నోరు తెరిచాడు. "ఎవరి పోలికే నువ్వు?"

"ఎవరి పోలికో ఇంకా అడుగుతున్నావా?" అన్నాను. నా గొంతులో అంత గర్వం నేనెప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతోంది. "ఇన్నేళ్ళు ఎంత మందికి పన్ను పీకానో! పీకిన పన్ను పంచదారలో దాచినవాళ్ళని మాత్రం ఇప్పుడే చూస్తున్నా."

పిడుగు ముక్కకి అంటిన పంచదార తుడిచి, ఊది, మళ్ళీ తుడిచి, లోపల కూర్చోబెట్టి మూత బిగించింది. డాక్టరమ్మ తాళంచెవి తిప్పింది. స్టార్టర్ లాగింది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి, గర్రుమని లేచింది! రేకుల గోడలు అదిరాయి. మెకానిక్కులు ఈలలు వేశారు. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇదే, ఇదే దీని సొంత గొంతు" అంది. నేనేమో మంటలు ఎక్కడైనా ఉన్నాయా అని కారు చుట్టూ తిరిగి వచ్చాను. లేవు. చుట్టిన కట్ట చక్కగా, చల్లగా ఉంది.

తమ్ముడు కిటికీ పక్క బల్ల మీద సామానంతా చేత్తో పక్కకి తోసి, తన రుమాలుతో తుడిచాడు. 

"ఎక్కవే పిల్లా, ఊరేగింపుకి నా పక్కన నువ్వే" అంది డాక్టరమ్మ. పిడుగు ఎగిరి కూర్చుంది. నేను పరుగున వెళ్ళి ఎర్ర సిలిండరు తెచ్చి దాని ఒళ్ళో పెట్టాను. నా భయాలకి ఎప్పుడూ నవ్వే పిల్ల, ఈసారి దాన్ని గట్టిగా పట్టుకుంది.

"మెల్లగా, మెల్లగా!" అని నేను అరుస్తుండగానే బండి గేటు దాటింది. పసుపు రుమాలు గాలికి రెపరెపలాడింది.

లోపల మళ్ళీ ఫోను మోగింది. తమ్ముడు అలవాటుగా పిడుగు కోసం అటూ ఇటూ చూసి, తనే వెళ్ళి ఎత్తాడు.

"ఆఁ, చెప్పండి. వైరింగు పనా? మా ఎలక్ట్రీషియన్ బయటికెళ్ళింది, రాగానే మాట్లాడిస్తాను."

నేను స్టవ్ మంట తగ్గించి, ఇందాక వేయకుండా వదిలేసిన పంచదార వేశాను.