సైరన్ దూరిన గొంతు

పొద్దున్నే వాహన తనిఖీ ఆఫీసు తాళం తీసేది డబ్బాలావిడే. కిటికీలు బార్లా తెరిచి, అరల మీది రేకు డబ్బాలన్నీ తడిగుడ్డతో తుడిచి, ఏ మూతైనా వదులైందేమోనని ఒక్కోదాన్నీ నొక్కి చూసుకుంటుంది. ఆ డబ్బాల్లో ఉండేవి ఊళ్ళో బళ్ళ నుంచి పీకిన మోతలు. మోటారు సైకిళ్ళకి తగిలించిన లారీ హారన్లూ, బండి వెనక్కి పోతుంటే పాట పాడేవీ, పసిపిల్లలా ఏడ్చేవీ, అన్నీ నిబంధనలకి విరుద్ధమైనవే. మెకానిక్ స్పానరుతో హారన్ ఊడదీస్తాడు, మోత బయటికి రాగానే ఆవిడ డబ్బా అడ్డం పెట్టి మూత బిగిస్తుంది. మెకానిక్ పరమ బద్ధకస్తుడు. ఆయన చలవ వల్ల ఒక్కోసారి రెండు మోతలు ఒకే డబ్బాలో పడి రోజంతా కొట్టుకు చస్తాయి.

ఊడదీసిన ఇనుము ప్రభుత్వానిది, మోత మాత్రం సొంతదారుడిదే. మళ్ళీ రోడ్డెక్కించనని ఒప్పుకుంటే తిరిగి ఇచ్చేయాలి. పడవకో మిల్లుకో పెట్టుకోవచ్చు. ఇచ్చేటప్పుడు ఆవిడ ప్రతివాళ్ళకీ చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది. మూత ఇక్కడ తీయకండి, బిగించే చోట పెట్టాకే తీయండి, పట్టుకోడానికి ఇనుము దొరక్కపోతే అది ఎదురుగా ఉన్న మనిషి గొంతులో దూరుతుంది అని. చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పి పుట్టింది గానీ చెప్పడం ఎన్నడూ మానలేదు.

సిమెంటు వ్యాపారి దగ్గర మానింది.

ఆ పెద్దమనిషి తన కారుకి అంబులెన్సు సైరన్ పెట్టించుకున్నాడు. భోజనానికి ఇంటికెళ్ళాలన్నా సైరనే, క్షవరానికి వెళ్ళాలన్నా సైరనే. మొదట్లో జనం, పాపం ఎవరి ప్రాణం మీదికొచ్చిందో అని పక్కకి తప్పుకునేవాళ్ళు. రానురాను, ఆయనే అయ్యుంటాడులే అని కదలడం మానేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే డబ్బాలావిడ భర్తకి గుండె పట్టేసింది. ఆయన దర్జీ. కుట్టుమిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఆయన్ని ఎక్కించుకున్న అంబులెన్సు పెద్ద కూడలి దాకా వచ్చి ఆగిపోయింది. సైరన్ మోగుతూనే ఉంది, ముందు ఒక్క బండీ కదల్లేదు. ఆవిడ చేతిలో ఉన్న ఆయన చెయ్యి అక్కడే చల్లబడింది. తర్వాత ఒక బస్సు డ్రైవరు ఇంటికొచ్చి, తల దించుకుని, "మేం ఆయనే అనుకున్నామమ్మా" అన్నాడు.

ఆ డ్రైవరుని ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అనాల్సిన మనిషెవరో ఆవిడకి తెలుసు. అన్నం తింటున్నా, డబ్బాలు తుడుస్తున్నా అదే ధ్యాస. అత్తగారు చూడలేక, దేవుడే చూసుకుంటాడులేమ్మా అంది.

"దేవుడికి బోలెడు పనులుంటాయి అత్తయ్యా. ఇది నేను చూసుకుంటాను" అంది కోడలు.

కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరుకి మొహమాటాలు లేవు. ఒకనాడు ఆ కారు ఆపి సైరన్ ఊడదీయించాడు. ఆ మోతని పట్టింది ఆవిడే. డబ్బా చేతిలో గిలగిలా కొట్టుకుంటుంటే చాలా రోజుల తర్వాత ఆవిడకి ఆకలేసింది.

మర్నాడే వ్యాపారి ఊగిపోతూ వచ్చాడు. తన వస్తువు తనకి పారేయమన్నాడు. ఇన్‌స్పెక్టరుని బదిలీ చేయిస్తానన్నాడు. ఆవిడ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదాలు బిగించి కిటికీలోంచి బయటికి చూసింది.

"ఇందులో ఉన్నది నాదేనని నమ్మకమేంటి?" అన్నాడాయన.

"అనుమానమైతే చూసుకోండి" అందావిడ మర్యాదగా.

మూత తీశాడు. డబ్బాలోది ఒక్క ఉదుటున ఆయన నోట్లో దూరింది. ఏదో తిట్టబోయాడు, సైరన్ మోగింది. మెకానిక్ వచ్చి, ఆయన నోరు తెరిపించి చూసి, ఇక్కడ స్పానర్ పట్టదని చెప్పి మళ్ళీ టీ తాగడానికి పోయాడు. ఇన్‌స్పెక్టరు నిబంధన వివరించాడు. సైరన్ ఉన్నది ఏదైనా సరే, రోడ్డు మీద తిరగాలంటే అంబులెన్సులోనో, ఫైరింజన్‌లోనో, పోలీసు బండిలోనో ఉండాలి. లేదంటే గడప దాటకూడదు. వ్యాపారి అభ్యంతరం చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. వీధిలో ఎవరూ తల కూడా తిప్పలేదు.

"ఆస్పత్రి అంబులెన్సు సైరన్ పాడైందండి" అందావిడ ఇన్‌స్పెక్టరుతో. "ముందు సీటు ఖాళీయే."

కొన్నాళ్ళు వ్యాపారి ఇల్లు కదల్లేదు. పెళ్ళాం పిల్లలు చెవుల్లో దూది పెట్టుకుని తిరగడం చూసి చూసి, చివరికి తనంతట తనే వచ్చి అంబులెన్సు ముందు సీట్లో కూర్చున్నాడు. మధ్యాహ్నాలు ఆవిడ కూడలి దాకా నడిచి వెళ్ళి, నీడన నిలబడి, ఆయన సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మోగడం చూసి వచ్చేది. చూసిన రోజు రాత్రి హాయిగా నిద్రపట్టేది. ఇందులో దాచుకోడానికి ఏమీ లేదు, ఆవిడ అత్తగారికి కూడా చెప్పింది.

ఒకరోజు అంబులెన్సు కూడలి మధ్యలో ఇరుక్కుపోయింది. వెనక అద్దంలోంచి ఒకావిడ కనిపిస్తోంది. మొగుడి అరచెయ్యిని రెండు చేతులతో రుద్దుతోంది, రుద్దుతూ అద్దాన్ని మోచేత్తో కొడుతోంది. వ్యాపారి మోగాడు. ఒక కారతను, ఈయనకి రోజూ ఇదే పని అని విసుక్కుని అద్దం పైకెత్తుకున్నాడు. వ్యాపారి వెనక్కి తిరిగి ఆ రుద్దే చేతుల వంక చూశాడు. తలుపు తీసుకుని దిగాడు. బళ్ళ మధ్య పరిగెత్తాడు, బానెట్ల మీద చరిచాడు, చేతులు జోడించాడు. నీడన నిలబడ్డ డబ్బాలావిడని గుర్తుపట్టి, వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నోరు తెరిచాడు. క్షమించమంటున్నాడో ఏమో, వచ్చింది మాత్రం సైరనే.

ఆవిడకి జాలి వేయలేదు. ఆయన చొక్కా భుజం దగ్గర పట్టుకుని లేవదీసి, రోడ్డు వైపు తిప్పింది.

"నాకు కాదు. అటు అరవండి."

ఆయన అరిచాడు. మెడ నరాలు ఉబ్బి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా అరిచాడు. అన్నిటికంటే ముందున్న బస్సు బద్ధకంగా జానెడు పక్కకి జరిగింది.

"ఇంకా" అందావిడ.