ఉప్పు సంగతి అడగకూడదు

"పిచ్చుకా! ఓ పిచ్చుకా! కిటికీ పక్కన చోటు దొరికింది, రా!"

హోటల్లో వాళ్ళంతా తలలు తిప్పి చూసేలా పిలిచాడు తాళాలాయన. గుమ్మం దగ్గర గొడుగు దులుపుతున్న భార్య సిగ్గుపడుతూ లోపలికొచ్చింది. ఆ పేరు పెళ్ళైన కొత్తలో పడింది. ఎదుటివాళ్ళ పళ్ళెంలో ఏమున్నా సరే, ఒక్క ముక్క పొడుచుకుని నోట్లో వేసుకుంటే గాని ఆమెకు మనసు ఊరుకునేది కాదు. జుట్టులో అక్కడక్కడా తెల్లదనం వచ్చినా ఆమె ఇంకా పిచ్చుకే.

అతను వీధి చివర చిన్న కొట్లో తాళాలు బాగుచేస్తాడు. ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. వారమంతా అతని వేళ్ళకు ఇనుప వాసన, ఆమె జుట్టుకు ఆవిరి వాసన. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ తలంటు పోసుకుని, మంచి బట్టలు వేసుకుని బయటికి తినడానికి బయల్దేరేవాళ్ళు. పిల్లలు లేరు, సినిమాల పిచ్చి లేదు, ఉన్నదల్లా తిండి ఒక్కటే. వంతెన దగ్గర బార్లో చేపను అంచులు కరకరలాడేలా వేయిస్తారనీ, బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో సూపు వాన పడ్డ రోజే బాగుంటుందనీ, మార్కెట్ వెనక వంటవాడు భార్యతో పోట్లాడిన రోజున కోడిని మాడుస్తాడనీ వాళ్ళకు కొట్టిన పిండి.

సగం తిన్నాక ఇద్దరూ పళ్ళేలు మార్చుకునేవాళ్ళు. మొదటి సగం ఎవరిది వాళ్ళకు, రెండో సగం రెండోవాళ్ళకు. ఆ మార్చుకునేటప్పుడు ఆమె ముఖంలోకి ఒక వెలుగు వచ్చేది, చీకటి గదిలో ఎవరో తలుపు ఓరగా తీసినట్టు. అతను వారమంతా బతికేది ఆ వెలుగు కోసమే.

ఆ ఊళ్ళో ఎవరైనా మనసులో ఏదైనా దాచుకుంటే, వాళ్ళ ముందున్న పళ్ళెంలో ఉప్పెక్కేది. అందుకే వంటవాళ్ళు ఉప్పు చూసీ చూడనట్టు వేసేవాళ్ళు. ప్రతి బల్ల మీదా పెద్ద నీళ్ళ జగ్గు ఉండేది. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పనివాడు మూల బల్ల దగ్గర గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగుతూ కనిపించేవాడు. ఎవరూ అతని వంక చూసేవాళ్ళు కాదు. ఒకరి ఉప్పు సంగతి ఇంకొకరు అడగకూడదు. కన్నతల్లైనా సరే, కొడుకుని అడగదు. "నీళ్ళు పోయనా?" అంటుంది, అంతే. అంతకు మించి మర్యాద కాదు.

ఇన్నేళ్ళలో వాళ్ళ పళ్ళేల్లో ఉప్పెక్కింది బహు తక్కువ. ఒకసారి ఆమె పుట్టినరోజుకి అతను ఊలు శాలువా కొని కొట్లో దాచాడు. పళ్ళెం మారాక ఆమె ఒక ముద్ద తిని, నవ్వాపుకుంటూ, "నీళ్ళు పోయనాండీ?" అంది. ఆ నవ్వుకే అతని చెవులు ఎర్రబడ్డాయి.

వానలు మొదలైనప్పుడు అతని కాళ్ళు వాచాయి. తాళం కొట్టు మూసి డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. పరీక్షలన్నీ చూసి డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయయ్యా. మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఉప్పు ముట్టొద్దు, నీళ్ళు కొలుచుకుని తాగు. ఇంట్లోవాళ్ళని వెంటపెట్టుకుని రా, మొదలుపెడదాం. ఆలస్యం చేశావో, తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

చెప్పేద్దామనే ఇంటికొచ్చాడు. ఆమె గుమ్మంలోనే ఎదురైంది.

"ఏవండీ, సినిమా హాలు కింద కొత్త బార్ తెరిచారటండీ! చేపని బొగ్గుల మీద కాలుస్తారట! ఆదివారం దాకా ఆగాలంటే నావల్ల కావట్లేదు."

ఆ కళ్ళు చూశాక చెప్పలేకపోయాడు. చెబితే ఇంకేముంది, తను తినకపోతే ఆమె కూడా తినదు. ఇంట్లో చప్పిడి కూడు వండి, ఎదురుగా కూర్చుని తనూ అదే తింటుంది. ఆ వెలుగు మళ్ళీ కనిపించదు. పోనీలే, ఈ ఒక్క ఆదివారం అయ్యాక చెబుదాం అనుకున్నాడు.

ఆ ఆదివారం చేప ఉప్పుకషాయంలా ఉంది. పళ్ళేలు మారాయి. ఆమె ఒక ముక్క నమిలి ఆగింది. శాలువా నాటి రుచి కాదది. కిటికీలోంచి బయటికి చూసి, జగ్గు అందుకుంది.

"నీళ్ళు పోయనాండీ?"

"పొయ్యవే."

తాగకూడని నీళ్ళు గటగటా తాగేశాడు.

తర్వాతి ఆదివారం కూడా చెప్పలేదు. ఆ తర్వాత కూడా. ఒకరోజు బస్టాండు ఎదురు హోటల్లో వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళి, వడ్డించే ముసలాయన్ని పక్కకి పిలిచాడు. "బాబాయ్, నా దాంట్లో అస్సలు ఉప్పు వెయ్యొద్దని చెప్పవా?"

ముసలాయన భుజం మీద తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నీదాంట్లో ఉప్పు మానేసి చాలా రోజులైంది నాయనా. ఒక్క రవ్వ కూడా వెయ్యట్లేదు. ఆ పైన ఉన్నదంతా నువ్వు తెచ్చుకుంటున్నదే."

లాండ్రీలో ఆమె అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కాలర్లు వాసన చూసేది. సబ్బు వాసన, ఇనుము వాసన, అంతే. కాని పొద్దున్నే అతని కనురెప్పలు ఉబ్బి ఉండేవి. రాత్రిళ్ళు తను నిద్రపోయాక ఏడుస్తున్నాడనుకుంది. ఎవరి కోసం? ఎందుకోసం?

పక్క బల్ల మీద దుప్పట్లు మడిచే ఆవిడ నోరు ఊరుకునేది కాదు. "ఏంటమ్మా, మీ ఆయన చొక్కాని అలా ముద్దెట్టుకుంటున్నావ్? ఇంటికెళ్ళి మనిషినే పెట్టుకోవచ్చుగా!"

"నీకెప్పుడూ వేళాకోళమే వదినా." ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, గొంతు తగ్గించింది. "ఆయన పళ్ళెంలో ఉప్పెక్కింది. వారం వారం పెరుగుతోంది."

వదిన నవ్వడం ఆపేసింది. "అడిగెయ్."

"ఎలా అడుగుతాను? సిగ్గులేనిదాన్ననుకోరూ?"

"అయితే నీళ్ళు పోస్తూ కూర్చో."

నీళ్ళు పోస్తూనే కూర్చుంది. రోజూ ఇదే తిండి, ఇదే పెళ్ళాం. నేనంటే మొహం మొత్తిందేమో, వెళ్ళిపోవాలని చూస్తున్నాడేమో అన్న మాటని పంటి కింద రాయిలా దాచుకుంది. దాచుకున్నకొద్దీ ఆమె పళ్ళెంలోనూ ఉప్పెక్కడం మొదలైంది. పళ్ళేలు మారినప్పుడల్లా అది అతని కడుపులోకే పోయేది. ఆమె కూడా ఏదో దాస్తోందని నాలుకకి తెలిసినా అతనూ అడగలేదు. అతనిదీ మర్యాదే మరి.

అలా అలా, కిటికీ పక్కన చోటు దొరికిన ఈ ఆదివారం వచ్చింది. బూట్లు పట్టక అతను చెప్పులతోనే వచ్చాడు. ఉంగరం వేలి కండలో కూరుకుపోయింది. బయట వాన సన్నగా పడుతోంది, సూపు బాగుండే రోజు. ముసలాయన రెండు పళ్ళేల సూపు, రొట్టె తెచ్చి పెట్టి, జగ్గు నింపి వెళ్ళాడు. పళ్ళెం అంచు చుట్టూ సన్నగా తెల్లటి పొర కట్టింది, చలికాలం కిటికీ అద్దానికి మంచు కట్టినట్టు.

సగం తిన్నారు. పళ్ళేలు మార్చుకున్నారు.

అతను ఆమె సూపు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మింగుడు పడలేదు. నోరంతా మండింది. ఇంత ఉప్పు ఈమె ఎక్కడ దాచుకుంది? ఎన్నాళ్ళ నుంచి?

తలెత్తి చూశాడు. ఆమె అతని పళ్ళేన్ని రెండు చేతులా దగ్గరికి లాక్కుని తింటోంది. ఎవరో లాగేసుకుంటారన్నట్టు గబగబా తింటోంది. కళ్ళ వెంట నీళ్ళు కారి సూపులో పడుతున్నాయి.

"నెమ్మదిగా తినవే."

"మీరు తినండి."

"నీళ్ళు పోయనా?"

"వద్దు. ఇందులో ఏముందో నాకొద్దా? సగం నాది కదా. ఎంత చేదైనా సగం నాదే."

అతను ఆ ముఖంలో వెలుగు కోసం వెతికాడు. లేదు. పోయిన వారం ఉందా? గుర్తు లేదు. ఆ ముందు వారం? ఏది ఆరిపోకూడదని తను నోరు కుట్టుకుని కూర్చున్నాడో, అది ఎప్పుడో ఆరిపోయింది. తను పళ్ళెం వంకే చూసుకుంటూ గమనించలేదు.

చెంచా కింద పెట్టాడు.

"ఏం దాచావు పిచ్చుకా?"

పక్క బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగింది. ఎవరో దగ్గారు. ఆ ప్రశ్న ఆ హోటల్లో ఇంతవరకు ఎవరూ అడగలేదు. ముసలాయన తువ్వాలు పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాడు.

ఆమె పళ్ళెంలోకి చూస్తూనే చెప్పింది. "నేనంటే మీకు మొహం మొత్తిందని. చెప్పలేక రాత్రిళ్ళు ఏడుస్తున్నారని."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే విరిగిపోయింది.

"కిడ్నీలు పాడైపోయాయే. రెండూ. వానలు మొదలైనప్పుడే డాక్టరు చెప్పాడు. మిషను మీద పెట్టాలట, నిన్ను తీసుకుని రమ్మన్నాడు. ఉప్పు ముట్టొద్దన్నాడు. చెబితే నువ్వు తినడం మానేస్తావని..."

ఆమె ఏదో అర్థమైనట్టు, అతని ముందున్న తన పళ్ళేన్ని లాగి బల్ల చివరికి తోసేసింది. సూపు తొణికి నేల మీద పడింది.

"ఉప్పు ముట్టొద్దన్నాడా? అయితే ఇన్నాళ్ళూ నా పళ్ళెంలోది ఎందుకు తిన్నారండీ? నా చేత్తో నేనే మీకు... ఎందుకు తిన్నారు?" అతని చేతి మీద పిడికిలితో కొట్టింది, కొట్టిన చోటే నిమిరింది. వాచిన కండలో ఆమె వేళ్ళ గుర్తులు గుంటలుగా నిలిచిపోయాయి. ఆ గుంటల్ని ఒక్కొక్కటిగా వేలితో తడిమింది.

"రేపు పొద్దున్నే వెళ్తున్నాం," అంది చివరికి. "లాండ్రీకి రానని వదినతో చెబుతాను."

"ఆలస్యమైపోయిందేమో."

"వెళ్తున్నాం అన్నానా?"

ముసలాయన వచ్చి నీళ్ళ జగ్గు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ముక్కు తుడుచుకుంది. అలవాటు చొప్పున తన ముందున్న అతని పళ్ళెంలోంచి ఒక్క చెంచా తీసుకుని రుచి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకో చెంచా తీసుకుంది.

"తగ్గిందండీ. కాని ఇంకా ఉంది."

"అంతా చెప్పేశాగా."

"ఇంకా ఉంది."

"ఇంకేం లేదే, నీ మీద ఒట్టు."

ఆమె పళ్ళేన్ని అతని వైపు జరిపింది. అంచున ఇంకా తెల్లగా సన్నటి గీత. వాన పెద్దదైంది. పక్క బల్లలవాళ్ళు తలలు దించుకున్నారు గాని ఎవరూ తినడం లేదు. అతను ఆ గీతని వేలితో తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ కట్టింది. ఇన్నేళ్ళుగా ఊరందరి తలుపులూ తెరిచిన ఆ చేతులు ఆ గీత దగ్గర ఆగిపోయాయి. ఆమె వాటిని పట్టుకుని ఎదురు చూసింది.

"నాకు చచ్చిపోవాలంటే భయంగా ఉంది పిచ్చుకా," అన్నాడతను, హోటలంతా వినిపించేలా. "చాలా భయంగా ఉంది."