శివప్ప పద్యం కోసం ట్యాబు

సుంకన్న పాలిష్ మిషను పిడిని తనవైపు లాక్కున్నాడు. చక్రం నల్లబండ మీద గిర్రున తిరుగుతూ వచ్చి, అంచు దాకా పోయి, వెనక్కి మళ్లింది. పైనుంచి నీళ్లు సన్నటి ధారగా కారుతున్నాయి. బూడిదరంగు బురద జారి అతని రబ్బరు బూట్ల చుట్టూ చేరుతోంది. పొద్దున్నించి ఇది ఏడో బండ. తాడిపత్రిలో ఈ పనికి చేరిన ముప్పయ్యొక్క ఏళ్లలో ఎన్నో బండో మాత్రం ఎవరూ చెప్పలేరు. అడిగినవాళ్లూ లేరు.

పొట్టి మనిషి. కుడి భుజం మీద బరువు ఎక్కువ పడి అటువైపు కాస్త కుంగాడు. మిషను హోరుకు చెవులు సగం పోయాయి. వేళ్లు నీళ్లలో నాని, రాతికి ఒరుసుకుని నున్నబడ్డాయి. రేషన్ మిషను అతని వేలిని గుర్తుపట్టదు. ప్రతినెలా కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటాడు. అందుకు అతనికి బాధేమీ లేదు. పైగా నలుగురికీ చెప్పి నవ్విస్తాడు.

చక్రం ఆపి, బండ మీద నీళ్లు కుమ్మరించి, తువ్వాలుతో ఒక్క లాగు లాగాడు. చెంప ఆనేంత దగ్గరగా తల వంచి ఏటవాలుగా చూశాడు. రేకుల కప్పు, ఇనుప దూలం, దాని మీద కూర్చున్న పావురం బండలో తలకిందులుగా కనిపించాయి. పావురం కన్ను కూడా కనిపించింది. అంటే బండ అయినట్టే. సుంకన్నకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే. ఇన్నేళ్లలో అది తప్పింది లేదు.

బూట్లు విడిచి, కాళ్లు కడుక్కుని, మేస్త్రీ సోమప్ప దగ్గరికి వచ్చాడు.

"సగం పూటకి పోతాండా మేస్త్రీ."

"యాటికప్పా?"

"ట్యాబు కొనల్ల."

సోమప్ప నవ్వాడు. "ఈ వయసులో ఏం చదువప్పా నీకి?"

"నాకి కాదు. శివప్పన్నకి. నాటకం చూస్తాడంట."

సోమప్ప నవ్వు ఆపేశాడు. "పో, పో. తొందరగా పో," అన్నాడు.

తొందర ఎందుకో ఆ ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. పక్క షెడ్డులో ఇరవై ఎనిమిదేళ్లు బండలు కోసినవాడు శివప్ప. అంచులు కోసేటప్పుడు లేచే రాతిపొడి అతని ఊపిరితిత్తుల్లో చేరింది. నాలుగు నెలలుగా మంచం మీద ఉన్నాడు. పోయిన సోమవారం అనంతపురంలో డాక్టరు అతని భార్య చిన్నక్కను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆయన ఏదడిగితే అది ఇవ్వమన్నాడు.

శివప్ప అడిగింది నాటకం. ఆరేళ్ల కిందట నల్లమాడ దగ్గర ఒక తిరునాళ్లలో ఆడిన పద్యనాటకం. అందులో అతను ద్వారపాలకుడు. ఉన్నది ఒక్క పద్యం, ముందూ వెనకా రెండు మాటలు. జీవితంలో అతను నేర్చుకున్న వేషం అదొక్కటే. ఆ వేషంతోనే పాతిక ఊళ్లు తిరిగాడు. ఎవరో తీసిన వీడియోను సుంకన్న కూతురు గౌతమి ఫోనులో వెతికి పట్టింది. సుంకన్న సంబరంగా తన ఫోను తీసుకుపోయి చూపించాడు. శివప్ప కళ్లు చిట్లించి చూసి, ఫోను పక్కన పెట్టాడు.

"చీమలకు కిరీటాలు పెట్టినట్టుండాది రా. ఇందులో నేను యా చీమ?"

అందుకే ట్యాబు. ఇంకో సంగతీ ఉంది. ఆ రాత్రి నాటకానికి సుంకన్న కూడా వెంట పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో "నీ పద్యానికి నా కండ్లల్లో నీళ్లొచ్చినాయన్నా" అన్నాడు. ఆ మాటను శివప్ప ఆరేళ్లుగా కనిపించినవాళ్లకల్లా చెబుతున్నాడు. చెప్పినప్పుడల్లా సుంకన్న తల దించుకుంటాడు. సిగ్గుపడుతున్నాడని చిన్నక్క అనుకుంటుంది.

నూర్ అహమ్మద్ ఫోన్ల దుకాణం బస్టాండుకు ఎదురుగా ఉంది. లారీలు పోయినప్పుడల్లా అద్దాల బీరువా గలగలమంటుంది. సుంకన్న లోపలికి పోయి గౌతమికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచాడు.

"నాయనా, ఎనిమిది అంగుళాలకు తగ్గొద్దు. సిమ్ము పట్టేది అడుగు. ర్యాము మూడో నాలుగో ఉండల్ల."

"విన్నావు కదన్నా? ఏడువేల లోపల ఆ ర్యాము ఉండేది ఇయ్యి," అన్నాడు సుంకన్న.

"ర్యామంటే ఏందో తెల్సునా సుంకన్నా?" నూర్ అహమ్మద్ కన్ను గీటాడు.

"నాకెందుకప్పా? నువ్వు తెలుసుకున్నావు కదా, చాలదూ?"

రెండు ట్యాబులు బల్ల మీదకు వచ్చాయి. ధర ఇంచుమించు ఒక్కటే. సుంకన్న రెండింట్లోనూ ఏదో పాట పెట్టించాడు. చెవి దగ్గర పెట్టుకోలేదు. అరచేతిలో బోర్లా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మిషను బేరింగు పోయిందా లేదా అతను తెలుసుకునేది అట్లాగే. రెండూ చేతిలో బాగానే అదిరాయి. తర్వాత తెర మీద వేలు పెట్టి జరపబోయాడు. బొమ్మ కదల్లేదు. మళ్లీ పెట్టాడు. అయినా కదల్లేదు.

"నీ వేలిని ఇది కూడా ఒప్పుకోలేదే!" నూర్ అహమ్మద్ పగలబడి నవ్వాడు.

"గవర్నమెంటే ఒప్పుకోలేదు, ఇదెంత? ఆఫ్ చెయ్యి రెండూ."

"ఆఫ్ చేసి ఏం చూస్తావన్నా?"

"చెయ్యప్పా, చెప్తా."

తెరలు నల్లబడ్డాయి. సుంకన్న తువ్వాలు కొసతో రెండింటినీ తుడిచి, వీధి వెలుతురుకు ఎదురుగా ఏటవాలుగా పట్టుకున్నాడు. మొదటిదాంట్లో ఎదురుగా ఉన్న బస్టాండు మసకగా, మంచులో ఉన్నట్టు కనిపించింది. రెండోదాంట్లో బస్సు కనిపించింది. బస్సు నంబరు కనిపించింది. కిటికీలో కూర్చున్న ముసలామె ముక్కుపుడక కనిపించింది.

"ఇది," అన్నాడు.

"ఆగన్నా. ఆ మసకదానికి పైన వేరే అద్దం అంటించినారు. ఎండలో కూడా బొమ్మ కనపడతాది. నువ్వు పట్టుకున్నది మెరుస్తాది గానీ..."

"మెరిసేదాన్ని వద్దనమంటావా? నాకి చెప్తాండావా అన్నా, పాలిష్ గురించి? ఆ మసకదానికి ఇంకా రెండు చేతుల పాలిష్ పనుండాది."

నూర్ అహమ్మద్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సిమ్ము వేసి, నాటకం తెర మీదకు తెచ్చి, నొక్కితే ఆడేట్టు సిద్ధం చేసి ఇచ్చాడు. సుంకన్న దాన్ని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఛాతీకి ఆనించుకుని నడిచాడు. ఇంత మంచి పాలిష్ ఇంత తక్కువలో దొరకడం అతనికి నమ్మశక్యంగా లేదు.

శివప్పది ఒకటే గది. ఒక గోడకు పొయ్యి, ఇంకో గోడకు బియ్యం డబ్బాలు, మధ్యలో మంచం. గాలి కోసం తల వాకిలి వైపు పెట్టుకుని, మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. మెడ కింద గుంతలో ఊపిరి తీసినప్పుడల్లా చర్మం లోపలికి పోతోంది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"తెస్తివా రా సుంకా?"

కాళ్ల వైపు డబ్బా మీద ట్యాబును నిలబెట్టాడు సుంకన్న. చిన్నక్క చెయ్యి తుడుచుకుని వచ్చి నొక్కింది. హార్మోనియం మోగింది. శివప్ప మెడ ముందుకు చాపాడు. చాలాసేపు చూశాడు.

"వాకిలి కనపడతాండాది," అన్నాడు.

"యా వాకిలి?"

"ఈ వాకిలే రా. ఎండ, వీధి, ఎదురింటి గేటు. శుభ్రంగా కనపడతాండాయి. నాటకమే కనపడలే."

సుంకన్న వంగి చూశాడు. మూడు గంటల పడమటి ఎండ తిన్నగా తెర మీద పడుతోంది. నిగనిగలాడే ఆ అద్దంలో వీధి వీధంతా ఉంది. రాజుగారి కిరీటం తళుకు మాత్రం ఎక్కడో లోపల వెలిగి ఆరుతోంది. బండలో చూసుకోవాల్సింది మెరుపే గానీ, దీంట్లో చూడాల్సింది బొమ్మ అని సుంకన్నకు అప్పుడు తోచింది.

వాకిలి మూస్తే శివప్పకు ఊపిరాడదు. దుప్పటి కట్టినా అంతే. మంచం తిప్పితే తల పొయ్యి దగ్గరకు పోతుంది. అంగడికి పోయి మార్చుకురావచ్చు. కానీ శివప్ప చేతిగోళ్ల నీలం చూశాక సుంకన్నకు బయటికి పోబుద్ధి కాలేదు. లేచిపోయి గడప మీద నిలబడ్డాడు. అతని నీడ మంచం మీదుగా పొడుగ్గా సాగి ట్యాబును కప్పింది. నడుముకు రెండువైపులా గాలి లోపలికి పోతోంది.

"ఇప్పుడో?"

"ఆ! వచ్చినాడు రాజు. అట్లే ఉండు, కదలాకు." శివప్ప గొంతులో నవ్వు. "నా వేషం నువ్వు కట్టినావు కదరా."

"నీ పద్యం కాడికి జరపనా?" అంది చిన్నక్క.

"వద్దు. ముందు నించే చూడల్ల. నా వంతు రాకముందే ఎట్ల వస్తాను, సిగ్గులేకుండా?"

గంట గడిచింది. గంటన్నర గడిచింది. ముప్పయ్యేళ్లు నిలబడి పనిచేసిన కాళ్లకు ఇదొక లెక్క కాదు. అక్కడి నుంచి సుంకన్నకు తెర మీద చీమలే కనిపించాయి. శివప్ప వెనకతల, మంచం పట్టె మీద తాళం వేస్తున్న అతని వేళ్లు మాత్రం బాగా కనిపించాయి. వీపు కాలుతోంది. అయినా మనసు హాయిగా ఉంది.

ఉన్నట్టుండి తాళం ఆగింది.

"సుంకా, ఈ మొదటి వరసలో నోరు తెరుచుకోని పండుకున్నోడు ఎవుడు రా?"

సుంకన్న గడప వదిలాడు. రెండడుగులు ముందుకు వేశాడు. ఎండ తెర మీద పడి అంతా మాయమైంది.

"నువ్వొస్తే కనపడదు, పో! పో ఆడికి!"

మళ్లీ గడప మీదకు పోయాడు. ఆ నాటకం రోజు అతను రెండు షిఫ్టులు చేసి బస్సెక్కాడు. ద్వారపాలకుడు రాకముందే కన్ను మూతపడింది. మళ్లీ తెరిచేసరికి మంగళం పాడుతున్నారు. వీడియో తీసినవాడు జనం వైపు తిప్పుతాడని కలలో కూడా అనుకోలేదు.

"నేనే అన్నా," అన్నాడు.

"కండ్లల్లో నీళ్లొచ్చినాయంటివే!"

"నిద్దరలో వచ్చింటాయి."

చిన్నక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శివప్ప నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది. "ఆరేండ్లు ఊరంతా చెప్పుకుంటినే లే! దొంగనాయాలా! సరే, ఇప్పుడన్నా విను. నిలబడుకోని విను."

తెర లోపలి నుంచి శివప్ప గొంతు వచ్చింది. దగ్గులేని గొంతు. చిన్నక్క గరిటె కింద పెట్టింది. నాలుగు పాదాలు, చివర ఒక రాగం. సుంకన్న సగం పోయిన చెవులు రిక్కించి విన్నాడు. కళ్లల్లో నీళ్లేమీ రాలేదు.

"ఎట్లుండాది?" శివప్ప తల తిప్పకుండా అడిగాడు.

సుంకన్న గడప మీద కాలు మార్చుకున్నాడు. "మూడో పాదంలో గొంతు జారిందన్నా."

చిన్నక్క సుంకన్న వైపు తిరిగింది.

"జారింది," అన్నాడు శివప్ప నెమ్మదిగా. "ఇన్నేండ్లకి ఒక్కడు చెప్పినాడు."

"ఆ కడాకొచ్చే రాగం ఉండాదే, అదీ పాటంటే. మిషను కట్టేసినాక కూడా చెవిలో తిరగతా ఉంటాదే, అట్లుండాది."

శివప్ప దిండ్ల మీద వెనక్కి వాలాడు. అతని భుజాలు తేలికగా దిగాయి. "కట్టెయ్యొద్దండి. నా పద్యం అయిపోయిందని లేచిపోతే బాగుండదు. మంగళం దాకా ఉండల్ల."

మళ్లీ వేళ్లు పట్టె మీద ఆడాయి. ఎండ ఎర్రబడి కిందకు దిగే కొద్దీ సుంకన్న మోకాళ్లు వంచుతూ, పక్కకు జరుగుతూ, నీడ తప్పిపోకుండా చూసుకున్నాడు. తాళం నిదానమైంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం పెరిగింది. తర్వాత వేళ్లు పట్టె మీదే నిలిచాయి. నిద్ర పట్టినట్టుందని సుంకన్న అనుకున్నాడు. ఈసారి నిద్ర నీ వంతా అన్నా, అనుకుని లోపల నవ్వుకున్నాడు. తెర మీది ఎండ తళుకు కంట్లో పడి మెలకువ వస్తుందేమోనని ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు.

చిన్నక్క టీ గ్లాసు తెచ్చింది. మొగుడి చెంప తాకింది. ఛాతీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే ఉంది. గ్లాసు ఒలకకుండా కింద పెట్టి, మంచం అంచున కూర్చుని, అతని చేతిని పట్టె మీద నుంచి తీసి తన ఒడిలో పెట్టుకుంది.

"సుంకన్నా," అంది.

"ఏం వదినా?"

"నిలబడింది చాల్లే నాయనా. లోపలికి రా."

అతనికి అర్థమైంది. వెంటనే గడప దిగలేదు. తలుపు చెక్కకు తల ఆనించి కాసేపు నిలబడి, తర్వాత లోపలికి వచ్చి శివప్ప కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. పొద్దు గుంకింది. ఇక అడ్డం నిలవాల్సిన వెలుతురు లేదు. ట్యాబు వెలుగొక్కటే గదిలో ఉంది.

మంగళం అయిపోయింది. జనం చాపలు దులుపుకుని లేచిపోయారు. వీడియో తీసినవాడు కెమెరా ఆపడం మరిచిపోయినట్టున్నాడు. ఖాళీ వేదిక మీద ఒక బల్బు వెలుగుతూనే ఉంది. దాని కింద, తెర కట్టిన గుంజకు ఆనించి, ద్వారపాలకుడు పట్టుకునే కర్ర ఈటె ఉంది. మొనకు చుట్టిన వెండి కాగితం ఒకవైపు ఊడి, గాలికి అల్లల్లాడుతోంది.