కిటికీలో గ్లాసు

"కండ్లు తెరువమ్మా. గా రోగం కాదు," అన్నాడు సంగారెడ్డి ఆస్పత్రిలో ముసలి డాక్టరు, గుండుసూదిని దూదిలో గుచ్చుతూ.

హైమావతి కళ్ళు తెరిచింది. అరచేతిలో సూది మొన తగిలిన ప్రతిసారీ ఎక్కడ తగిలిందో చెబుతూనే ఉంది. దూదితో రాస్తే చక్కిలిగింత పుట్టి నవ్వేసింది కూడా. పక్కన నిలబడ్డ భర్త త్రినాథరావు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"తిమ్మిరి ఎప్పుడొస్తది?"

"రాత్రిళ్ళండి. చీమలు పాకినట్టుండి మెలకువ వచ్చేసేది. ఈ నెలరోజులుగా లేదు."

"నెల సంది ఏం పని బంద్ చేసినవ్?"

ఆమె భర్త వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

కాకినాడలో బి.ఏ. చదివి, పెళ్ళయి పటాన్‌చెరు వచ్చిన కొత్తలో ఆమెకు అన్నీ సంబరమే. కిరాయి ఇంటి వెనక జామచెట్టు, ప్లాంటు సైరన్ మోగిన కాసేపటికి వినిపించే అతని సైకిలు బెల్లు, చివరికి రోట్లో పప్పు రుబ్బడం కూడా. జొన్నరొట్టెలు మింగుడుపడని, అతనితో ప్లాంటులో పనిచేసే కోస్తా కుర్రాళ్ళు పొద్దున్నే అట్ల కోసం వాలిపోయేవారు. "మా ఆవిడ చేతి మహిమరా," అని అతను మురిసిపోతుంటే ఆమె ఇంకో అట్టు పోసేది. మధ్యాహ్నం నూనె మరకల ఖాకీ బట్టలు ఉతికి పిండేది. ఓ పొద్దున అందరి ముందూ చేతిలోంచి గ్లాసు జారింది. "పట్టు తెలియలేదా?" అని అత్తగారు వీరలక్ష్మి అడిగింది. తెలియలేదంది హైమావతి, అమాయకంగా. స్పర్శ తెలియకపోతే కుష్ఠేనని అత్తగారికి భయం పట్టుకుంది. ఆ సాయంత్రమే ఆమె కంచం, గ్లాసు కిటికీలోకి చేరాయి. "రోలు ముట్టుకోకమ్మాయ్," అన్నారు. బట్టలకి పనిమనిషి మొగులమ్మను పెట్టారు. కుర్రాళ్ళు రావడం మానేశారు. త్రినాథరావు పడక వరండాలోకి మారింది. "నాకేం పట్టింపు లేదోయ్, అమ్మ భయపడుతోంది," అన్నాడు. ప్లాంటు డిస్పెన్సరీకి వెళితే అందరికీ తెలుస్తుందని నెల గడిపి, ఇప్పటికి ఇంత దూరం తీసుకొచ్చాడు. ఆ నెలంతా ఆమె ఏడ్చింది. ఆ ఏడుపులో చేతులు బాగుపడుతున్న సంగతి డాక్టరు అడిగేదాకా ఆమే గమనించలేదు.

"రుబ్బడం మానేశానండి. బట్టలు పిండడం కూడా."

"గదే. మణికట్టుల నరం నలిగింది. మల్ల రోలు కాడ కూసుంటే మల్ల వస్తది," అని డాక్టరు త్రినాథరావు వైపు తిరిగాడు. "గా రోగమే అయినా దానికి మందుందయ్యా. మనిషిని దూరం పెట్టుడు మందు గాదు."

తిరుగు బస్సులో కిటికీ ఊచ చల్లగా తగిలింది. ఆ చల్లదనం చేతికి తెలుస్తున్నందుకే ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషమైంది. పోతిరెడ్డిపల్లి దాటాక త్రినాథరావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు, నెల తర్వాత.

"రేపు ఆదివారం. మనవాళ్ళందరినీ పెసరట్లకి పిలుస్తానోయ్. నీకేం లేదని వాళ్ళకీ తెలియాలిగా."

"రుబ్బొద్దన్నారు కదండీ."

"ఒక్కపూటకేం అవుతుంది?"

ఆమె చెయ్యి అతని చేతిలోనే ఉంది. రోగమనుకున్న నెలలో దొరికిన విశ్రాంతి, రోగం లేదన్న గంటలోనే పోతోంది.

కబురు వినగానే వీరలక్ష్మి దేవుడికి దణ్ణం పెట్టి, కోడలి తల నిమిరి, కొడుకు మాట ప్రకారం పెసల డబ్బా దించింది. తర్వాత కిటికీలో గ్లాసు కోసం చెయ్యి చాచింది. "ఇదింకా ఇక్కడెందుకే, లోపల పెట్టేద్దాం."

"ఉంచండి అత్తయ్యగారూ."

హైమావతి గ్లాసుకి తన చెయ్యి అడ్డం పెట్టింది. చెప్పులు విడుస్తున్న త్రినాథరావు తలెత్తాడు.

"పెసలు నానబోయండి. రేపు పొద్దున్న వాటిని ఆయన రుబ్బుతారు. పక్కన కూర్చుని ఎలాగో నేను చెబుతాను. ఆయన రుబ్బితే ఈ గ్లాసు లోపలికి తెస్తాను. లేకపోతే కిటికీలోనే ఉండనివ్వండి."